విశ్రాంతి గది

ఎర్ర పెన్ను అన్ని గదులూ దాటుకుంటూ వచ్చి, సరిగ్గా విశ్రాంతి గది మీద ఆగింది.

"ఇది తీసేద్దాం," అన్నాడు ఆర్కిటెక్ట్.

ఆమె తన చెవుల్ని తానే నమ్మలేకపోయింది. పొద్దున కారులో వస్తూ కూడా, "నువ్వేం బెంగపెట్టుకోకమ్మాయ్, ఆ గది జోలికి ఎవరొచ్చినా నేను లేనూ?" అన్న మనిషి ఈయనే. ఇంకా మధ్యాహ్నమైనా కాలేదు, మాట మారిపోయింది.

పాత ఫైర్ స్టేషన్‌లో, ఆఫీసరు బల్ల మీద పరిచి ఉన్నది కొత్త స్టేషన్ ప్లాను. బండ్లన్నీ ఒక్కసారే రోడ్డెక్కేలా వెడల్పాటి వాకిళ్ళు. తడిసిన గొట్టాలు వేలాడదీసి ఆరబెట్టే ఎత్తయిన గోపురం. మసి పట్టిన బట్టలు విప్పే గది ఒక పక్క, అన్నం తినే గది ఇంకో పక్క. అవన్నీ ఆయన చెబుతుంటే ఆమె కంప్యూటర్‌లో గీసినవే. చదువు మధ్యలో ఆగిపోయిన మనిషికి ఆ ఆఫీసులో గీత గీయడమే పని. గీత ఎక్కడ పడాలో చెప్పడం కాదు.

ఒక్క విశ్రాంతి గది మాత్రం అచ్చంగా ఆమెది. బతిమాలి తీసుకుంది.

"సరే, దాన్ని నీ ఇష్టం వచ్చినట్టు చెయ్యి. బాగుందంటే ఇకనుంచి నువ్వూ డిజైన్లలో కూర్చుందువుగాని," అన్నాడాయన.

ఆ గదికి ఆమె ప్రాణం పోసింది. ఒకరి గురక ఇంకొకరి చెవిలో పడకుండా మంచానికీ మంచానికీ మధ్య అడ్డుగోడ. కిటికీలు రోడ్డు వైపు కాకుండా పెరటి వైపు. గంట మోగితే లైటు కళ్ళలో పొడిచినట్టు కాక, మెల్లమెల్లగా వెలిగేలా ఏర్పాటు. నిద్రలోంచి ఉలిక్కిపడి లేవడమంటే ఏమిటో చంటిపిల్ల తల్లికి ఒకరు చెప్పాలా?

పాత స్టేషన్ కొలతలకు వచ్చిన రోజున టేపు పట్టుకుని మూలమూలా కొలిచింది. రాత్రిళ్ళు ఎవరు ఎక్కడ పడుకుంటారని మాత్రం అడగలేదు. తెలిసిన సంగతి మళ్ళీ అడగడమెందుకనుకుంది.

"సార్, అది తీసేస్తే ఎలా?" అంది ఇప్పుడు. "పాపం, చెక్క బల్లల మీద పడుకుంటున్నారు. నడుములు పట్టేస్తున్నాయి వాళ్ళకి."

"ఎవరికి తల్లీ?" అన్నాడు స్టేషన్ ఆఫీసరు. నెరిసిన గుబురు మీసాలాయన. కొలతలకు వచ్చినప్పుడు కుర్చీ వేయించి, కన్నకూతురిలా చూసుకున్నాడు. ఎవరు అడ్డం తిరిగినా ఈయన తన పక్షాన నిలబడతాడనే ఆమె ధైర్యం.

"మీవాళ్ళకే సార్. మొన్న చలికాలంలో అర్ధరాత్రి గంట మోగితే, చీకట్లో ఒకరి బూట్లు ఒకరు తొడుక్కుని పరిగెత్తారటగా!"

ఆఫీసరు పొట్ట పట్టుకుని నవ్వాడు. "భలే కథ! మావాళ్ళేనా? ఎవరు చెప్పారమ్మా నీకు?"

ఆమె ఆర్కిటెక్ట్ వైపు చూసింది, ఒక్క మాట సాయం వస్తుందేమోనని. ఆయన ఆఫీసరుతో కలిసి నవ్వుతున్నాడు. నిచ్చెన ఎక్కించి కింద నుంచి లాగేయడమంటే ఇదే కాబోలు.

"ఇది పగటి స్టేషన్ తల్లీ," అన్నాడు ఆఫీసరు నవ్వు ఆపుకుంటూ. "చీకటి పడితే తాళమే. రాత్రి ఏ ఫోనొచ్చినా వంతెన అవతలి పెద్ద స్టేషన్‌వాళ్ళు చూసుకుంటారు. కొత్త బిల్డింగులోనూ అంతే. ఇందాక నువ్వు బయట ఫొటోలు తీస్తున్నప్పుడు మీ సారుకి చెప్పాను."

"ఎప్పట్నుంచి సార్ అలా?"

"పెద్ద స్టేషన్ కట్టినప్పట్నుంచీ. అప్పటికి నా మీసాలింకా నల్లగానే ఉన్నాయిలే."

"పోనీ... వానలప్పుడు?" ఆమె వదల్లేదు. "వంతులవారీగానైనా ఎవరో ఒకరు ఉంటారు కదా? వారానికి రెండు మూడు రాత్రులు?"

"తాళంచెవి నా జేబులో ఉంటుందమ్మా. నాకు తెలియకుండా లోపల ఎవరు పడుకుంటారు? పిల్లి ఏమైనా దూరుతుందేమో. దానికి మంచమెందుకు?"

గదిలో మళ్ళీ నవ్వులు. ఎర్ర పెన్ను ఒక మూల నుంచి ఇంకో మూలకు సాగింది. మంచాలు పోయాయి, అడ్డుగోడలు పోయాయి, మెల్లగా వెలిగే దీపం పోయింది. "ఇక్కడ వ్యాయామశాల పెడదాం," అంటున్నాడు ఆర్కిటెక్ట్. ఆమె బల్ల అంచు గట్టిగా పట్టుకుని నిలబడింది.

తిరుగుదారిలో కారులో ఆయనే మాట కలిపాడు.

"ఏంటమ్మాయ్, మొహం అలా పాలిపోయింది? వాళ్ళకి అక్కర్లేని గది కోసం నన్ను పోట్లాడమంటావా? డిజైన్లలో కూర్చోబెడతానన్న మాట ఎక్కడికీ పోలేదు. ఇంకో గది ఇస్తాలే."

"వద్దు సార్," అంది.

సాయంత్రం ఆమె ఇల్లు చేరేసరికి, పాత స్టేషన్ పేరు కుట్టిన యూనిఫాం తొడుక్కుని దుప్పటి మడిచి సంచిలో పెట్టుకుంటున్న భర్త, తలెత్తకుండానే అన్నాడు: "పాపను చూసుకో, గడియ పెట్టుకో, ఈ రాత్రి కూడా నాకు స్టేషన్‌లోనే పడక."