సున్నం గీతలు

"ఛీ, పండుగపూట కూడా మనుషులకు బుద్ధి రాదు!"

ఏటా సద్దుల బతుకమ్మ నాడు కొత్తవాడ రోడ్డును బండ్లతో నింపేసేవాళ్లను చూస్తే నాకు కంపరం. అందుకే ఈసారి పార్కింగ్ ప్లాన్ నేనే వేసి, రోడ్డు పక్కనున్న మైదానమంతా సున్నం గీతలు గీయించాను.

సాయంత్రానికి ప్రతి కారూ గీతల మధ్య బుద్ధిగా నిలిచింది. రోడ్డు ఖాళీ.

మా తిరుమల వదిన బతుకమ్మను ఎత్తుకుని వచ్చింది. వెనక వాడకట్టు ఆడవాళ్లంతా ఉన్నారు.

"బండి ఏ లైన్ల పెట్టిన్రు, వదినా?" అన్నాను.

"నడిచే వచ్చినం. బతుకమ్మలు యాడ పెట్టాలె?"

మైదానంలో జానెడు జాగా లేదు.

"మేం ఏటా ఆడేది ఈడనే గదా. నీకెర్క లేదా?"

ఎట్లా తెలుస్తుంది? ఇరవై ఏళ్లుగా వాళ్లిక్కడ ఆడుతుంటే, నేను ఆ రోడ్డు మీదే నా కారు ఆపుకుని, దానికి కాపలా ఉన్నాను.