రెండో వైపు మొదటి పాట

గొంతు బాగోలేదని పిచ్చుక ఎంత చెప్పినా ఎవరూ వినిపించుకోలేదు.

"తొమ్మిదో తరగతిలో మాత్రం బాగుందా ఏంటి, పాడవే," అని వెనక బెంచీలోంచి ఎవరో అన్నారు. అందరూ నవ్వారు.

ఇన్నేళ్ళ తర్వాత పాత క్లాసు పిల్లలంతా అదే గదిలో కలిసి, అప్పటి మారుపేర్లతోనే పిలుచుకుంటున్నారు. పిల్లలంటే పేరుకే, సగం మందికి మోకాళ్ళ నొప్పులు. ఆ ఇరుకు బెంచీల్లోనే ఎలాగో సర్దుకుని టీ తాగుతున్నారు. అప్పటి మానిటర్‌కి పెత్తనం ఇంకా వదల్లేదు. ఆ వయసులో ఎవరికి ఏ ఆల్బమ్ ప్రాణమో ఒక్కొక్కరూ లేచి చెప్పాలని తనే ఒక ఆట పెట్టాడు. ఎవరు ఏది చెబితే అది ఫోన్లో వెతికి, చిన్న స్పీకర్లో ఒక ముక్క వినిపిస్తున్నాడు.

క్యాసెట్ల రాణి వంతు వచ్చేదాకా అంతా సరదాగానే సాగింది. ఆవిడ లేచి, "నీలం అట్ట ఆల్బమ్. రెండో వైపు మొదటి పాట, వాన పాట. ఫోన్లో వద్దు. మా పిచ్చుక పాడాలి," అంది.

పిచ్చుక టీ గ్లాసు కింద పెట్టేసింది. అంతగా పేరు రాని ఆల్బమ్ అది. ఆ వాన పాట అసలు ఎలా ఉంటుందో ఆమెకు ఈరోజుకీ తెలియదు.

అప్పట్లో వాళ్ళింట్లో టేప్ రికార్డర్ లేదు. ఆ మాట క్లాసులో చెప్పుకోవడం నామోషీ. పైగా పక్కన కూర్చునేది క్యాసెట్ల రాణి. వాళ్ళ నాన్న పని చేసేది క్యాసెట్ల కంపెనీలో. కొత్త ఆల్బమ్ ఏది వచ్చినా ముందు రాణి సంచిలోనే కనబడేది. డబ్బా మూల పగిలో, మూత విరిగో ఉండేది. కలిగినవాళ్ళకి వస్తువంటే లెక్కేముంటుందని పిచ్చుక లోపల్లోపల కుళ్ళుకునేది. "తీసుకెళ్ళి విను, రేపు చెప్పు," అని రాణి చేతిలో పెట్టేది. వద్దంటే ఎందుకో చెప్పాలి. ఆ బాధ పడలేక పట్టుకెళ్ళేది.

డబ్బాలో మడతపెట్టిన కాగితం మీద పాటల మాటలుండేవి. అవి బట్టీ పట్టి, బడికి నడిచే దారిలో తనకు తోచిన బాణీ కట్టేసేది. మర్నాడు రాణి ఊరికే వదిలేదా? ఎలా ఉంది, పాడు పాడు అని ప్రాణం తీసేది. పాడుతుంటే కళ్ళు మూసుకుని, కదలకుండా వినేది. తప్పు పట్టుకోవడానికే అంత శ్రద్ధ అని పిచ్చుకకు గుండెదడ. అయ్యాక మళ్ళీ పాడమనేది. మొదటిసారి కట్టిన అబద్ధం రెండోసారీ అలాగే రావాలి కదా, చెమటలు పట్టేవి. వాన పాటనైతే ఎన్నిసార్లు పాడించుకుందో చెప్పలేం. తన చేత పాడించుకుని, ఇంటికెళ్ళి అసలు పాట పెట్టుకుని పడీపడీ నవ్వుతోందని పిచ్చుక ఊహించుకుని కుమిలిపోయింది. చివరికి ఒకరోజు, "నీ పాటలు ఒట్టి బోరు, ఇంక తేకు," అని క్యాసెట్ ముఖాన కొట్టినట్టు ఇచ్చేసి వేరే బెంచీకి మారిపోయింది. ఆ తర్వాత ఇద్దరికీ మాటల్లేవు.

ఆ రాణే ఇప్పుడు పాడమంటోంది. కసి తీర్చుకోవడానికే ఇంత దూరం వచ్చిందనిపించింది.

తప్పించుకునే దారి లేక పిచ్చుక లేచి నిలబడింది. మాటలు మరిచిపోయానని చెప్పేద్దామనుకుంది గానీ, నోరు తెరిచేసరికి అన్నీ వరసగా వచ్చేశాయి. జోలపాటలా మెల్లగా, తను కట్టిన ఆ పాత బాణీలోనే. రాణి కళ్ళు మూసుకుంది.

పాట సగంలో ఉండగానే మానిటర్ ఎక్కడో అసలు పాటను దొరకబుచ్చుకుని పెట్టేశాడు. డ్రమ్స్ దడదడలాడాయి. ఇద్దరు గాయకులు పోటీపడి అరిచారు. మాటలు అవే. మిగతాది ఒక్కటీ కలవలేదు.

గది గదంతా నవ్వింది. "నువ్వు పాడింది ఏ వాన తల్లీ? మా ఇంటి మీద పడలేదే," అన్నాడు మానిటర్. రాణి మాత్రం నవ్వలేదు. నోరు తెరుచుకుని స్పీకర్ వంక చూసింది. అతని చేతిలోంచి ఫోన్ లాక్కుని, అందులో ఆ నీలం అట్ట బొమ్మ చూసి, ఇదేనా, నిజంగా ఇదేనా అని మళ్ళీ మళ్ళీ అడిగింది.

పిచ్చుకకు తల కొట్టేసినట్టయింది. గబగబా వరండాలోకి వచ్చి గోడ వైపు తిరిగి నిలబడింది. ఈ వయసులో ఏడుపేంటని తనను తాను తిట్టుకుంది, అయినా ఆగలేదు. ఇంతలో రాణి వెనకే వచ్చింది.

"బాణీ ఎందుకు మార్చావే?"

"వింటేగా మార్చడానికి," అంది పిచ్చుక వెనక్కి తిరగకుండానే. "మా ఇంట్లో టేప్ రికార్డర్ లేదు. ఒక్క పాటా వినలేదు. అన్నీ నేనే కల్పించి పాడాను. నీకు తెలిసే కదా అన్నిసార్లు పాడించావు. ఇప్పుడు అందరి ముందూ పరువు తీశావు, చాలా?"

రాణి ఇంకో అడుగు దగ్గరికి వచ్చింది.

"నువ్వు బెంచీ మారాక నాకింక పాటలే లేవు, తెలుసా?" అంది.

"నీకేమే, ఇంటినిండా క్యాసెట్లు."

"ఆ కంపెనీలో క్యాసెట్లు అట్టపెట్టెల్లో సర్దే పని మా నాన్నది. డబ్బా పగిలినవి అమ్మరని ఏరి ఇంటికి తెచ్చేవాడు. క్యాసెట్లకేం, కుప్పలు."

రాణి భుజం పట్టుకుని ఆమెను తన వైపు తిప్పుకుంది.

"టేప్ రికార్డర్ మా ఇంట్లో మాత్రం ఎక్కడుందే?"