చెరిపిన ఏడులు

ఫోర్‌మన్ పోస్టుకి ఒక క్రేన్ డ్రైవరు నింపిన కాగితాన్ని మూడోసారి లెక్కేశాను. అందులో అరవై గుణాలుంటాయి. నింపేవాళ్లు ఒక్కోటీ తమలో ఎంత ఉందో పెన్సిలుతో ఒకటి నుంచి ఏడు దాకా అంకె వేయాలి. ఒక చిల్లుల అట్ట పెడితే మగ గుణాల అంకెలు కనిపిస్తాయి, ఇంకోటి పెడితే ఆడ గుణాలవి. ఇతనికి మొదటి మొత్తం ఆకాశంలో ఉంది, రెండోది పాతాళంలో. పైవాళ్లకి కావలసిందీ అదే.

కానీ వెలుతురుకి పెడితే ‘జాలి’, ‘ఓదార్పు’, ‘మెత్తని మాట’ పక్కన వేసిన ‘2’ అంకె కింద, చెరిపిన ‘7’ కనిపిస్తోంది.

బయట ఆ క్రేన్ డ్రైవరు కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. లోపలికి పిలిచాను.

“ఇవెందుకు చెరిపారు?”

చేతిలో హెల్మెట్ అటూ ఇటూ తిప్పాడు. “ముందు ఉన్నదున్నట్టే రాశాను మేడం. సగంలో ఉద్యోగం గుర్తొచ్చింది.”

చెరిపినవి ఉంటే, నా ఎదురుగా కూర్చోబెట్టి పెన్నుతో మళ్లీ రాయించాలని రూలు. రాయిస్తే అతని పోస్టు గోవిందా.

‘అర్హుడు’ అని ముద్ర కొట్టేశాను.

అతను కదల్లేదు. “పైన ఎవరైనా వెలుతురుకి పెట్టి చూస్తే?”

“చూడరండీ. ఆరేళ్ల కిందట, ఆడ గుణాలే ఎక్కువుండాలన్న ఈ కుర్చీ కోసం నేనూ ఇదే కాగితం నింపాను. ‘ధైర్యం’, ‘పట్టుదల’, ‘ఎదురు తిరగడం’. మూడు ఏడులు చెరిపాను. ఇంతవరకూ ఎవరూ చూడలేదు.”