నాలుగు చుక్కలు

మేస్త్రీ భార్యను చంపింది ఆ ముసలాడే. ఇందులో వాదన లేదు, వాడే ఒప్పుకున్నాడు.

ఆమె తుంటి కీలులో పెట్టిన పింగాణీ బంతి రెండు ముక్కలై, మెట్ల మీంచి పడి పోయింది. ఆ బంతి ఈ కార్ఖానాలో తయారైందే. "నేనే సరిగ్గా చూడకుండా వదిలేశాను" అని పరీక్షల గది ముసలాయన యజమాని ముందు తల వంచాడు. ఆ కుర్చీ పోయి, అచ్చులు కడిగే పనికి దిగాడు.

మూడేళ్లుగా మేస్త్రీ అతనితో మాట్లాడలేదు.

ఆ ఉదయం మాట్లాడాడు. పింగాణీ పొడి నీళ్లలో కలిపిన మేస్త్రీ తొట్టి మీద వంగి, ముసలాయన సీసాలోంచి ఏవో చుక్కలు వేస్తున్నాడు.

"ఏం కలుపుతున్నావు?"

"యాసిడ్ నాయనా. నాలుగు చుక్కలే."

"ఒకరిని చంపింది చాల్లేదా?"

ముసలాయన సీసాకు మూత పెట్టుకున్నాడు.

మధ్యాహ్నానికి మేస్త్రీ అతన్ని పనిలోంచి తీయించి గేటు దాటించాడు.

మర్నాడు తొట్టిలో కొత్తగా కలిపిన పింగాణీ గట్టిపడింది. మేస్త్రీ ఎప్పటిలాగే చెంబెడు నీళ్లు పోసి తిప్పాడు. పల్చబడింది.

పరీక్షల గది అమ్మాయి ఒక చుక్క తీసుకెళ్లి మైక్రోస్కోప్‌లో చూసి వచ్చింది.

"అచ్చుల్లో పోయకండి. ముద్దలున్నాయి."

"పాలలా పారుతుంటే ముద్దలేమిటమ్మా? అద్దంలో నీ కనురెప్ప వెంట్రుకలే కనబడ్డాయేమో."

"నీళ్లకి పారుతుందండీ. రేణువులు మాత్రం ఒకదాన్నొకటి పట్టుకునే ఉంటాయి. యాసిడ్ పడితేనే విడిపోతాయి. లేకపోతే కాల్చాక లోపల బొక్క మిగిలిపోతుంది. బరువు పడితే అక్కడే పగులుతుంది. అందుకే ఈ మూడేళ్లూ తాత రోజూ మీ వెనకాల వచ్చి వేసేవాడు."

"వాడి మాటెత్తకు. నా ఇంటిదాన్ని మింగినవాడు."

అమ్మాయి లోపలికి వెళ్లి, పాత చీటీ ఒకటి తెచ్చి అతని చేతిలో పెట్టింది.

"మీ ఆవిడగారి బంతి పోసిన తొట్టిది. తాత చింపెయ్యమన్నాడు. నాకు చేతులు రాలేదు."

పైన ముసలాయన రాత: ముద్దలున్నాయి. పోయవద్దు.

కింద మేస్త్రీ సొంత రాత: నీళ్లు కలిపాను. పారుతోంది. పోసేశాను.

మేస్త్రీ తొట్టి అంచు పట్టుకున్నాడు.

"మరి... తప్పు తనదని ఆయన ఎందుకు చెప్పాడు?"

"'పెళ్లాం పోయినవాడు. ఇది కూడా తెలిస్తే బతకడు' అన్నాడండీ."

"ఎక్కడుంటాడు?"

"అచ్చుల గదిలోనే పడుకునేవాడు. నిన్న ఎటు వెళ్లాడో ఎవరూ చూడలేదు."

మేస్త్రీ తొట్టి మొత్తం కాలవలోకి ఒంపేశాడు. ఆ తర్వాత భార్య ఎలా పోయిందని ఎవరడిగినా, యజమాని అడిగినా, కడుపున పుట్టినవాళ్లు అడిగినా అతను ముసలాయన చంపాడని అనలేదు, తన తప్పేనని నోరు విప్పనూ లేదు.