అన్ని దిక్కులూ కనబడే గుట్ట

బొజ్జయ్య మూడు గుట్టల గురించి చెప్పాడు. మొదటిది బాగా ఎత్తు. పొద్దున ఎక్కితే దిగేసరికి సాయంత్రం అవుతుంది, పైన చల్లగా ఉంటుంది. రెండోదాని దారిలో వాగు ఉంది, నీళ్ళు బండ మీద నుంచి దూకుతాయి. మూడోది బోడిగుట్ట. గంటలో ఎక్కేయొచ్చు. పైన చెట్టన్నది లేదు.

"బోడిగుట్ట మీదికెల్లి ఏమేం కనబడతయి?" అని అడిగింది కళావతి.

"అన్ని దిక్కులు కనబడతయమ్మా. ఇటు గోదారి, అటు చత్తీస్‌గఢ్ అడవి. అడ్డమేం లేదు. కాకపోతే నీడ దొరకదు."

"గదే పోదాం," అంది ఆమె.

ఆమె భర్త గోపయ్య తలూపాడు. మోకాళ్ళకు అదే నయమన్నాడు.

బొజ్జయ్యది చర్ల రోడ్డు పక్కన చిన్న కోయగూడెం. రెండేళ్ళుగా ఖమ్మం నుంచి ట్రెక్కింగ్ అంటూ వచ్చే కాలేజీ పిల్లలకు అతనే దారి చూపిస్తున్నాడు. యాభై దాటిన మొగుడూ పెళ్ళాం ఇద్దరే రావడం ఇదే మొదలు. తమది ఇల్లందు అని చెప్పారు. గోపయ్య ఇరవై ఆరేళ్ళు బొగ్గుబాయిలో దిగి ఎక్కి, మోకాళ్ళు అరిగి, వయసు రాకముందే పని మానుకున్నాడట. ఏ గుట్ట ఎంత ఎత్తో, ఎక్కడి నుంచి ఎంత దూరం కనబడుతుందో ఇద్దరూ ముందే నలుగురినీ అడిగి వచ్చినట్టున్నారు.

అప్పుడు ఫిబ్రవరి నెల. టేకు చెట్లు ఆకు రాల్చి కట్టెల్లా నిలబడ్డాయి. వానలు పడ్డాక వస్తే అడవి పచ్చగా, చూడ ముచ్చటగా ఉంటుందని బొజ్జయ్య చెప్పాడు. ఇప్పుడే నయమని కళావతి అంది. ఆమె నిండు పసుపు రంగు చీర కట్టుకుంది, పెళ్ళికి వెళ్తున్నట్టు. అడవిలోకి అంత రంగు ఎందుకని అతను అన్నాడు గానీ ఆమె వినిపించుకోలేదు.

ఎక్కుతుంటే ఎండుటాకులు కాళ్ళ కింద కరకరమన్నాయి. గోపయ్య పది అడుగులకోసారి ఆగి, మోకాలు పట్టుకుని, మళ్ళీ నడిచాడు. అలసట కూడా అతని మొహంలో కనబడలేదు. ఆ మొహం మీద ఏదీ రాదేమో అనిపించింది బొజ్జయ్యకు. సగం దారిలో ఒక బండ మీద కూర్చున్నప్పుడు, ఊరికే ఉండలేక, పిల్లలెంతమంది అని అడిగాడు.

"ఒక్క బిడ్డ. నవత," అన్నాడు గోపయ్య.

"ఏం చేస్తున్నది?"

"డిగ్రీ రెండో ఏడు చదువుకుంట పోయింది. ఆరేండ్లయింది."

ధర చెప్పినట్టు చెప్పాడు, అంతే. కళావతి నీళ్ళసీసా మూత తిప్పుతూ ఉంది. బొజ్జయ్య పెద్దకొడుకు మలేరియాతో పోయి నాలుగేళ్ళయింది. ఆ ఏడంతా తనూ ఇలాగే, తిన్నదీ తెలియక పడుకున్నదీ తెలియక తిరిగాడు. వీళ్ళనెవరో గాలి మారుతుందని పంపించి ఉంటారనుకున్నాడు. అక్కడి నుంచి మెల్లగా నడిచాడు. ముళ్ళకంప అడ్డం వస్తే ముందుగా పోయి తనే తప్పించాడు.

పదకొండింటికి పైకి చేరారు. చుట్టూ బోసి బండ. దూరంగా గోదావరి తెల్లగా, సన్నగా పారుతోంది. ఉత్తరాన అడవి మడతలు మడతలుగా వెళ్ళి ఆకాశంలో కలిసింది. అక్కడక్కడ మోదుగులు ఎర్రగా పూశాయి. కాలేజీ పిల్లలైతే ఇక్కడికి రాగానే అరుస్తారు, ఫోటోలు దిగుతారు. బొజ్జయ్య అలవాటుగా చెయ్యి చాపి ఏది ఏ ఊరో, ఏది ఏ వాగో చెప్పబోయాడు. ఇద్దరూ అతని చెయ్యి వైపు చూడలేదు.

కళావతి బండ అంచుకు వెళ్ళి నిలబడింది. కాసేపు ఉత్తరానికి తిరిగి నిలబడింది. తర్వాత తూర్పుకు, ఆ తర్వాత దక్షిణానికి. ఒక్కో దిక్కున చాలాసేపు. మొక్కుకుంటోందేమో అనుకున్నాడు బొజ్జయ్య. చేతులు మాత్రం జోడించలేదు. గోపయ్య ఎండకు తట్టుకోలేక తలకు తువ్వాలు చుట్టుకుంటే ఆమె తీసేయమంది. అతను ఎందుకని అడగకుండానే తీసేసి, ఆమె పక్కకు వెళ్ళి నిలుచున్నాడు.

బొజ్జయ్య కింద ఒక పొద నీడలో కూర్చుని రెండు చుట్టలు కాల్చాడు. మధ్యలో ఒకసారి పైకి వచ్చి, వడదెబ్బ తగులుతుందని, ఇంత నీడకు రమ్మని పిలిచాడు. కళావతి చెయ్యి ఊపి వద్దంది. తెచ్చుకున్న పులిహోర డబ్బా తెరవలేదు. మూడున్నరకు, ఇక దిగకపోతే దారి కనబడదని అతను గట్టిగా చెబితే, అప్పుడు కదిలారు. నాలుగు గంటలకు పైగా నిలబడిన గోపయ్యకు మొదటి అడుగు పడలేదు. బొజ్జయ్య రెక్క పట్టుకుని దించాడు.

గూడెం పొగ కనిపించాక బొజ్జయ్య మనసులో ఉన్నది ఆపుకోలేకపోయాడు. తన గుట్ట వాళ్ళకు నచ్చలేదేమోనని అతనికి చిన్నతనంగా ఉంది.

"అంత దూరం నుంచి వచ్చి, గంత కష్టపడి ఎక్కితిరి. గోదారిని సుత సరిగ చూడకపోతిరి. బాగ లేదా అమ్మా?"

గోపయ్య నేల చూస్తూ నడిచాడు. కళావతి ఆగి, వెనక్కి తిరిగి, గుట్ట వైపు కాదు, గుట్ట చుట్టూ ఉన్న అడవి వైపు చూసింది.

"చూసేతందుకు కాదు బొజ్జయ్యా, అడివిల అన్నలల్ల కలిసిన మా బిడ్డకు కనబడేతందుకు వచ్చినం."