బెదరని రక్తం

లక్ష్మీరాజం ఆదిలాబాద్ నుంచి గొలుసు ఒక్కటే తెచ్చాడు. కుక్క లేదు.

"లారీ కింద పడ్డది, పరశురాములన్నా!" అన్నాడు.

సిరిసిల్లలోని ఆ షెడ్డులో ఎనిమిది పవర్‌లూములు ఒకేసారి ఆడుతున్నాయి. ఆ సాంచాల చప్పుడులో ఈ మాట రెండుసార్లు అరవాల్సి వచ్చింది.

పరశురాములు ముఖం మాడిపోయింది. "ఎట్ల పడ్డది సార్?"

"మా జిన్నింగు మిల్లుల పత్తి లారీ ఎనకకు వస్తుంది. నీ కుక్క ఎండకు పండుకుంది. డ్రైవరు హారన్ కొట్టిండు. నేను మొత్తుకున్న. జరుగలే!"

పోయిన నెల చొప్పదండిలో ఒకటి ట్రాక్టరు కింద పోయింది. అది దీని తోబుట్టువే.

"భయం లేదు సార్ దానికి. టెర్రియర్ అంటే గంతే. పిడికెడు ఉంటది. పులి ఎదురొచ్చినా జరుగది."

"పులి కాదే అన్నా, లారీ!" అన్నాడు లక్ష్మీరాజం. "మిల్లుల ఎలుకలు పట్టనీకి నీ కుక్కే కావాలని మా సేటుకు నేనే చెప్పిన. ఇంకొక్కటి ఇయ్యి. అది గూడ గిట్లనే సస్తే, నీ జాతి వద్దని ఆదిలాబాద్ మొత్తం నేనే చెప్త."

పరశురాములు పదేళ్ల కింద భీవండి నుంచి ఆ చిన్న తెల్ల కుక్కల జతను ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు. నూలు కొరికే ఎలుకలను నెలలో ఖాళీ చేశాయి. అప్పటి నుంచి ఆయనకు బట్ట నేయడం బతుకుదెరువు, కుక్కలను పెంచడం పరువు.

ఆయన పద్ధతి ఆయనది. కుక్క ఇంటి వెనక పెరట్లో ఈనేది. నలభయ్యో రోజున పిల్లలన్నిటినీ షెడ్డులోకి తెచ్చి సాంచాల కింద వదిలి, ఎనిమిదింటినీ ఒక్కసారే ఆడించేవాడు. బెదిరి పారిపోయినవి అడిగినవాళ్లకు ఊరికే పోయేవి. కదలకుండా పడుకున్నవే జాతికి నిలిచేవి, ధర పలికేవి. వాటికి వాటినే కట్టించేవాడు. తండ్రికి బిడ్డను, అన్నకు చెల్లెను. బయటి కుక్కను గడప తొక్కనివ్వలేదు.

"బయటి రక్తం కలిస్తే జాతి పల్సబడ్తది," అనేవాడు.

కుక్కల సంగతిలోనే కాదు. తను మేనమామ బిడ్డను చేసుకున్నాడు. కూతురు కోమలనేమో భార్య తమ్ముడు సాగర్‌కే ఇచ్చాడు.

"ఈసారి అసలుదాన్ని ఇస్త సార్. జాతికని ఉంచుకున్న. గదిగో, చూడున్రి."

ఆడుతున్న సాంచా కింద, దుమ్ములో, ఒక తెల్ల పిల్ల గుర్రు పెట్టి నిద్రపోతోంది. పేరు భీముడు. మిగతా నాలుగు పిల్లలూ గంపలో ఒకదాని మీద ఒకటి ముడుచుకుని వణుకుతున్నాయి.

లక్ష్మీరాజం చూపు పక్కనే గోనెపట్టా మీద ఆగింది. ఏడాదిన్నర పాప అటు తిరిగి కూర్చుని నూలు చుట్టే ఖాళీ కండెతో ఆడుకుంటోంది.

"గీ సప్పుడుకు నాకే తల పగులుతుంది. పాపకు ఏం గాదా?"

"మా కోమల బిడ్డ, నా మనుమరాలు సార్, వందన. తొట్టెల ఉన్నప్పటి సంది సాంచాలే దానికి జోల. నా రక్తం!"

కండెలు చుడుతున్న కోమల నవ్వింది. "అవ్, మొండితనం గూడ నీదే బాపూ. పిలిస్తే పలుకది."

పరశురాములు మురిసిపోయాడు.

టీకాలు వేయడానికి వచ్చిన పశువుల డాక్టరమ్మ పద్మలత గుమ్మంలో నిలబడి ఆ అరుపులన్నీ విన్నది. ఆమె నవ్వలేదు.

"కాకా, జర సాంచాలు బంద్ చేయిస్తరా? ఒక స్టీలు పళ్లెం గావాలె."

సాంచాలు ఆగాయి. కోమల పళ్లెం తెచ్చింది. డాక్టరమ్మ భీముణ్ణి లేపి నిలబెట్టి, వాడి వెనక సిమెంటు నేల మీద పళ్లెం వదిలింది.

ఖణేల్‌మంది. గంపలో పిల్లలు ఎగిరిపడ్డాయి. లక్ష్మీరాజం కూడా ఉలిక్కిపడ్డాడు. భీముడు తన కాలు నాక్కుంటున్నాడు.

"చూసిన్రా!" పరశురాములు రొమ్ము విరిచాడు.

డాక్టరమ్మ మళ్లీ వదిలింది. ఈసారి తలెత్తు నుంచి. ఇంకోసారి. భీముడి చెవి కూడా కదల్లేదు. ఆమె వాడి ముందుకొచ్చి చెయ్యి ఊపింది. తోకాడిస్తూ ఒక్క గంతు వేశాడు.

"ధైర్యం కాదు కాకా. పుట్టు చెవుడు," అంది మెల్లగా. "తెల్ల కుక్కలల్ల వస్తుంటది. దగ్గరి రక్తం కలిపినకొద్ది ఎక్కువైతది. చెవులు మంచిగున్నవే సాంచాలకు బెదిరినయి. వాటిని పంచిపెట్టి, వినబడనివాటిని మీరు జాతికి ఉంచుకున్నరు."

లక్ష్మీరాజం చేతిలో గొలుసు చిన్నగా గలగలలాడింది.

పరశురాములు దిక్కుతోచక కోమల వైపు తిరిగాడు. "మనకేం తెలుసు బిడ్డా... కుక్కలకు గిట్ల అయితదని..."

కోమల కుక్కను చూడటం లేదు.

పళ్లెం మూడుసార్లు మోగినా, గోనెపట్టా మీద వందన ఖాళీ కండెతో ఆడుకుంటూ ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు.