టైరు కింద నిమ్మకాయ

హిమజ లారీ ముందు టైరు కింద పసుపు రాసిన నిమ్మకాయ పెట్టి లేచింది. ఆమె చేత్తో పెట్టిన నిమ్మకాయను తొక్కించనిదే డ్రైవర్ కేశవ కొత్త లోడుతో బండి తీయడు.

“యాడికి కేశవప్పా, ఈ రాళ్ళు?”

“మీ కాలేజీ ఊరికే పాపా. ఆడ సముద్రానికి గోడ కడ్తాండారు గదా.”

హిమజ తండ్రి కోదండరామి వైపు తిరిగింది. లారీల ఓనరైన ఆయన టెంకాయ పీచు తీస్తూ తల ఎత్తలేదు.

“నాయనా, ఆ గోడ కట్టొద్దనే గదా మా కాలేజీ పిల్లోళ్ళమంతా ఇసకలో ధర్నాకి కూర్చోనుండేది? అది లేస్తే ఆడి అల సచ్చిపోతాది, తీరం కోసుకపోతాదని నీకు చెప్పినా.”

“చెప్పినావు.”

“నేను సర్ఫింగ్ బోర్డు మీద నిలబడి అలతో వస్తాంటే నువ్వు చప్పట్లు కొట్టిన చోటు అది.”

“మనం తోలకపోతే ఇంకొకరు తోల్తారమ్మా.”

ఆమె చూపు టైరు కింది నిమ్మకాయ మీద పడింది.

“ఉగాదికి నాతో నిమ్మకాయ పెట్టించినావే, ఆ లోడు యాడికి పోయింది?”

కోదండరామి పీచు ఇంకొంచెం లాగాడు. కేశవే మెల్లగా అన్నాడు, “అదీ ఆడికే పాపా.”

“ఆ రాళ్ళు తోలేటోళ్ళను అందరి ముందరా నోటికొచ్చినట్ల తిట్నా,” అంది హిమజ. పసుపంటిన చేతులు వెనక్కి పెట్టుకుంది.

కేశవ క్యాబిన్ ఎక్కి తాళం తిప్పబోయాడు.

కోదండరామి టెంకాయ పక్కన పెట్టాడు. వంగి, టైరు కింది నిమ్మకాయ తీసి అంగీ జేబులో వేసుకున్నాడు.

“కోదండప్పా, అది లేకుండా నేను బండి తీయనని నీకు తెల్సు గదా?”

“తెలుసు,” అన్నాడాయన, కూతురి ముఖం చూడకుండా.